తోట రాముడు ఎవరి కాపీ?

జానపద సినిమా మాట ఎత్తగానే పెదవి విరవడం మన చదువుకున్నవాళ్ళకు అలవాటైపోయింది. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్బుల సంగతి అటుంచండి. కామారెడ్డి బస్టాండు దగ్గరో, ఎల్లారెడ్డి టీ కొట్టు ముందో నిలబడి సినిమాలు మాట్లాడుకునే లెక్చరర్లు, టీచర్లు, ఫోన్లలో ప్రపంచ సినిమా చూస్తున్న కుర్రాళ్ళు కూడా ఇదే తీర్పు చెబుతున్నారు. వాళ్ళ వాదాన్ని వాళ్ళు చెప్పినంత బలంగానే ముందు పెడతాను.

వాళ్ళు ఉదాహరణగా చూపే సినిమా 1952లో వచ్చిన ఫ్రెంచి చిత్రం 'ఫాన్‌ఫాన్ లా తులిప్'. దర్శకుడు క్రిస్టియన్ జాక్, నాయకుడు జెరార్ ఫిలిప్, నాయిక జీనా లొల్లొబ్రిజిదా. అందులో కత్తియుద్ధం ఉంది, గుర్రాల పరుగు ఉంది, సరసం ఉంది. అయినా అది కళాఖండం, ఎందుకంటే అది రాజును వెక్కిరించింది, యుద్ధాన్ని వెక్కిరించింది. మన కత్తి సినిమాలు మాత్రం హాలీవుడ్ నుంచి ఎత్తుకొచ్చినవి. వాటికి చరిత్ర లేదు. పేదవాడు రాకుమారిని పెళ్ళాడి సింహాసనం ఎక్కడమే వాటి పరమార్థం కాబట్టి అవి రాజరికానికి భజన. అట్టముక్కల కోటలు, దారాలు కనిపించే మాయలు. పైగా అవి మద్రాసు స్టూడియోల్లో కోస్తావాళ్ళు తయారుచేసిన సరుకు. తెలంగాణ పల్లె నేల టికెట్టు కొనడం తప్ప వాటికి ఇచ్చింది లేదు, పుచ్చుకుంది లేదు.

ఇది తెలివితక్కువ వాదం కాదు. ఫాన్‌ఫాన్ నిజంగా మంచి సినిమా. అదే ఏడాది కాన్ ఉత్సవంలో దర్శకుడికి బహుమతి తెచ్చింది, ఫ్రాన్సులో 60 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. మన జానపదాల్లో సగానికి సగం నాసిరకమన్నదీ నిజమే. అయితే ఈ రెండు నిజాల నుంచి వాళ్ళు లాగుతున్న ముగింపు మాత్రం ఏ వైపు నుంచి చూసినా నిలబడదు.

1. కాపీ అన్న అభియోగం

ముందు తేదీలు చూద్దాం. కె.వి. రెడ్డి తీసిన విజయావారి 'పాతాళ భైరవి' 1951 మార్చి 15న విడుదలైంది. ఫాన్‌ఫాన్ పారిస్‌లో తెరమీదికి వచ్చింది 1952 మార్చిలో. అప్పటికి పాతాళ భైరవి నాయకుడు తోట రాముడు ఆంధ్ర జిల్లాల్లో నూరు రోజులు దాటి ఆడి, 1952 జనవరిలో బొంబాయిలో మొదలైన మన మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో కూడా కనిపించాడు.

ఇప్పుడు కథలు. ఊళ్ళో ఒక పిల్లతో గడ్డిలో దొరికిపోయి, బలవంతపు పెళ్ళి నెత్తిన పడుతుంటే ఫాన్‌ఫాన్ తప్పించుకోవాలని చూస్తాడు. సైన్యంలోకి మనుషుల్ని పట్టే ఉద్యోగి కూతురు అదెలీన్ సోదిచెప్పేదాని వేషంలో వచ్చి వాడి చెయ్యి చూసి, రాజుగారి కూతురు నీకు భార్య అవుతుందని చెబుతుంది. అది విని వాడు సైన్యంలో చేరతాడు. చెప్పింది బూటకమని తేలిపోయినా నమ్మకం మాత్రం వదలడు. రాజకుమారి కోసం కోటలోకి దూరతాడు, పట్టుబడతాడు, ఉరికొమ్మ దాకా వెళతాడు. ఇటు తోట రాముడు ఉజ్జయినిలో తోటపని చేసుకుని బతికే ఇంటి కొడుకు. రాకుమారి ఇందుమతి మీద మనసుపడి కోటలోకి దూరతాడు, పట్టుబడతాడు, శిక్ష పడుతుంది. ప్రాణం దక్కాక రాజు పెట్టిన షరతు ఒకటే: నాకు సమానమైన ఐశ్వర్యం తెచ్చుకుంటే పిల్లనిస్తాను.

ఇంత దగ్గరి పోలిక ఉండి, తేదీలు తారుమారై ఉంటే మనవాళ్ళు ఏమనేవాళ్ళో ఊహించడం కష్టం కాదు. కె.వి. రెడ్డి ఫ్రెంచి రీలు తెప్పించుకుని చూశాడని పేజీలకు పేజీలు రాసేవాళ్ళు. క్రిస్టియన్ జాక్ తెలుగు సినిమా చూసి తీశాడని నేను అనను, అనడానికి ఆధారం లేదు. కాని పోలిక కనబడగానే కాపీ అనేసే తర్కం ఒకవైపే ఎందుకు నడుస్తుంది?

పోలికకు అసలు కారణం వేరే ఉంది. పాతాళ భైరవికి పింగళి నాగేంద్రరావు కథ అల్లింది మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీ మజిలీ కథల' లోంచి. ఫాన్‌ఫాన్ కూడా ఏ గొప్ప నవల నుంచీ రాలేదు. 1819లో ఎమీల్ డెబ్రో రాసిన పాట జనం నోళ్ళలో పడి, ఆ చిలిపి సిపాయి ఫ్రెంచి పామరుల సొంత మనిషయ్యాడు. మూకీల కాలంలోనే వాడి మీద సినిమాలు వచ్చాయి. అంటే ఫాన్‌ఫాన్ కూడా జానపద నాయకుడే. పారిస్‌లో పుట్టాడు గనక మనవాళ్ళకు చారిత్రక నాయకుడిగా కనిపిస్తున్నాడు, అంతే.

కత్తి తిప్పే తీరు, బల్లలమీదికి గెంతడం, దీపాల గుత్తి పట్టుకుని ఊగడం హాలీవుడ్ నుంచి వచ్చాయి. డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్, ఎరల్ ఫ్లిన్ నేర్పిన విద్య అది. తెలుగువాడూ ఫ్రెంచివాడూ అప్పు పెట్టింది ఒకే కొట్టులో. ఒకడి పద్దును 'సంప్రదాయం' అనీ రెండోవాడి పద్దును 'దొంగతనం' అనీ రాసే గుమాస్తాను ఏమనాలి?

2. చరిత్ర లేదన్న అభియోగం

ఫాన్‌ఫాన్ నడిచేది 15వ లూయీ కాలంలో, ఏడేళ్ళ యుద్ధం సాగుతుండగా. ఆ యుద్ధం 1756లో మొదలైంది. బందిపోట్ల బారినుంచి ఫాన్‌ఫాన్ కాపాడేది రాజు ప్రియురాలు మదాం పాంపదూర్‌ను, రాజు కూతురు హెన్రియెట్‌ను. అసలు హెన్రియెట్ 1752 ఫిబ్రవరిలోనే చనిపోయింది. పోయిన నాలుగేళ్ళకు ఆమె బండెక్కి అడవిలో ప్రయాణం చేస్తుంటే ఏ విమర్శకుడూ గగ్గోలు పెట్టలేదు. పెట్టనక్కర్లేదు కూడా, అది సరదా సినిమా. ఉజ్జయినికి రాజెవరు, గాంధార రాజ్యం ఏ శతాబ్దంలో అని మనవాళ్ళను నిలదీసేవాళ్ళు ఆ సరదా కొంచెం ఇటు కూడా పంచితే బాగుండేది.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఫాన్‌ఫాన్ ఏ రాజు యుద్ధాన్ని ముద్దుముద్దుగా ఆటపట్టించిందో, ఆ రాజు పేరుమీద నడిచిన సేన తెలుగు నేల మీద ఏం చేసిందో మనకు తెలుసు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను కూల్చాయి. విజయనగరం విజయరామరాజు పగకు ఫ్రెంచి మందుగుండు తోడైంది. కోటలో ఆడవాళ్ళు, పిల్లలు కూడా దాదాపు ఎవరూ మిగల్లేదు. ఆ తర్వాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు గుడారంలోకి దూరి విజయరామరాజును చంపాడు. ఇందులో వెక్కిరింపుకు చోటెక్కడ? 1964లో సి. సీతారాం తీసిన 'బొబ్బిలి యుద్ధం' నవ్వించలేదంటే తెలుగువాడికి హాస్యం చేతకాక కాదు. ఒకే యుద్ధకాలంలో ఫిరంగి వెనక నిలబడ్డవాళ్ళకు దొరికిన నవ్వు ఫిరంగి ముందు నిలబడ్డవాళ్ళకు దొరకదు. యుద్ధాన్ని చూసి నవ్వడం ఫ్రెంచివాళ్ళ దగ్గర నేర్చుకోమని మనకు బోధించేవాళ్ళు ఈ తేదీ ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఇక సాహసికుల కరువు అంటారా? ఫ్రెంచి సాహసికుడు కావాలంటే పారిస్ దాకా పోనక్కర్లేదు. గాస్కనీ నుంచి వచ్చి నిజాం అలీఖాన్ కొలువులో సేనాపతి అయిన మిషెల్ రేమండ్ 1798లో చనిపోతే హైదరాబాద్‌లోనే పాతిపెట్టారు. జనం అతన్ని మూసా రాం అన్నారు, మూసారాంబాగ్ ఆ పేరే. సొంత మట్టి మనిషి కావాలంటే ఎల్లారెడ్డి దాటి జుక్కల్ వైపు వెళ్ళండి. అక్కడ కౌలాస్ కోట ఉంది. 1857 తిరుగుబాటు చల్లారిపోతున్న రోజుల్లో రంగారావు పాగే నానాసాహెబు దగ్గరి నుంచి పత్రాలు తెచ్చి నిజాం రాజ్యంలో మళ్ళీ నిప్పు రాజేయబోతే, కౌలాస్ రాజా దీప్ సింగ్ అతనితో చేతులు కలిపి శిక్ష అనుభవించాడు. వేషాలు, రహస్య పత్రాలు, ద్రోహం, పట్టివేత: ఒక సినిమాకు కావలసినవన్నీ ఉన్నాయి. తీసినవాడు లేడు. అది కథ తప్పు కాదు.

3. రాజరికానికి భజన అన్న అభియోగం

ఈ అభియోగం పైకి చూస్తే అన్నిటికన్నా గట్టిగా కనిపిస్తుంది.

ఫాన్‌ఫాన్‌లో రాజు ఆడపిచ్చివాడు, అదెలీన్ చేత చెంపదెబ్బ తింటాడు. సేనానులు మూర్ఖులు. వ్యాఖ్యాత యుద్ధం గురించి మొదటినుంచీ ఎత్తిపొడుస్తూనే ఉంటాడు. ఒప్పుకోవాల్సిందే, ఆ వ్యంగ్యం మన సినిమాల్లో అంత పదునుగా లేదు. కాని కథ ముగిసేది ఎలా? ఫాన్‌ఫాన్ ఒక సొరంగంలోంచి పొరపాటున శత్రువు స్థావరంలోకి వచ్చిపడి, వాళ్ళ సేనానుల్నే పట్టుకుని రాజుకు గెలుపు సాధించిపెడతాడు. చెంపదెబ్బ తిన్న అదే రాజు అదెలీన్‌ను దత్తపుత్రికగా ప్రకటించి పెళ్ళి చేస్తాడు. సోదె అలా నిజమవుతుంది. అంటే నాయకుడు రాజుగారి దయతో రాజుగారి అల్లుడవుతాడు. రెండు గంటలు రాజును వెక్కిరించి చివర రాజు చేతిమీదుగానే అక్షింతలు వేయించుకుంటే అది వ్యంగ్యమట. తోట రాముడు అదే పని చేస్తే భజన!

అసలు తోట రాముడు చేసింది అదే పనా? ఉజ్జయిని రాజు అడిగింది వీరత్వం కాదు, వంశం కాదు. డబ్బు అడిగాడు. రాజరికం అంటే డబ్బేనని రాజు నోటితోనే చెప్పించిన కథ అది. ఆ డబ్బు రాముడికి రాజు దయవల్ల రాలేదు. తనను బలివ్వాలని గుహకు తీసుకుపోయిన నేపాళ మాంత్రికుణ్ణే బలిచ్చి సంపాదించుకున్నాడు. ఎస్.వి. రంగారావు వేసిన ఆ మాంత్రికుడు కష్టం పేదవాడి చేత చేయించి ఫలం తాను పట్టుకుపోవాలనుకునేవాడు. అలాంటి మనుషుల్ని తెలంగాణ ప్రేక్షకుడికి ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు.

ఎందుకంటే ఆ సినిమా వచ్చిన కాలం చూడండి. నిజాం రాజ్యం 1948 సెప్టెంబరులో కూలింది. జాగీర్లు 1949 ఆగస్టులో రద్దయ్యాయి. సాయుధ పోరాటం విరమించింది 1951 అక్టోబరులో. పాతాళ భైరవి పుట్టింది ఈ మధ్యలో. వెట్టి చేసిన చేతులు, దొర ముందు చెప్పులు విప్పి నడిచిన కాళ్ళు ఉన్న ఊళ్ళలో తోటమాలి కొడుకు రాజుగారి గోడ దూకడాన్ని రాజభజనగా చూసేవాడు ఎవడు? రాజుగారి పక్కన కూర్చుని చూసేవాడికి తప్ప ఆ అర్థం తట్టదు.

విఠలాచార్య తీసిన 'బందిపోటు' (1963) ఇంకో అడుగు వేసింది. అందులో నాయకుడే బందిపోటు, అసలు దొంగ సింహాసనం పక్కనున్నవాడు. అయితే ఆ సినిమాలో పొగరుబోతు రాకుమారిని దారికి తెచ్చే తంతు ఇవాళ చూస్తే చిరాకే. ఆ లోపాన్ని కప్పిపుచ్చడం నా పని కాదు. ఆ చిరాకు ఫాన్‌ఫాన్ గడ్డివాము దృశ్యం చూసినప్పుడు కూడా రావాలి కదా అని మాత్రం అడుగుతున్నాను. అక్కడ అది 'రసికత', ఇక్కడ 'వెనకబాటు' ఎట్లా అయింది?

4. తెలంగాణకు సంబంధం లేదన్న అభియోగం

మిగతావి అభిప్రాయాలు. ఇది మాత్రం శుద్ధ తప్పు.

కత్తి అనగానే తెలుగువాడికి గుర్తొచ్చే కాంతారావు కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టాడు. 'జయవిజయ', 'స్వర్ణగౌరి', 'జ్వాలాద్వీప రహస్యం' లాంటి సినిమాలతో నేల టికెట్టును ఏలినవాడు అప్పటి నల్గొండ జిల్లా మనిషి. అంతకు చాలా ముందే కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ బొంబాయి వెళ్ళి మూకీల్లోనే నాయకుడై, పృథ్వీరాజ్ చౌహాన్‌గా, టిప్పు సుల్తాన్‌గా కత్తి పట్టి, చివరికి ఫాల్కే పురస్కారం అందుకున్నాడు. 1962లో 'గులేబకావళి కథ' పాటలన్నీ రాసింది సి. నారాయణరెడ్డి. ఆయన ఊరు హనుమాజీపేట, మన కామారెడ్డికి పక్క జిల్లాలోది. చిన్నప్పుడు హరికథలు, జంగం కథలు వింటూ పెరిగి, ఉర్దూలో చదువుకున్న ఆయనకు గులేబకావళి కథ పరాయిది ఎట్లా అవుతుంది? ఆ కథే పారసీ ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. మద్రాసువాళ్ళు తెలంగాణకు పంపిన సరుకు కాదది, తెలంగాణ కవిని పిలిచి రాయించుకున్న సరుకు.

ఇంకా కిందికి, తెర పుట్టక ముందుకు వెళదాం. 2016 దాకా కామారెడ్డి, ఎల్లారెడ్డి నిజామాబాద్ జిల్లాలోనివే. ఆ జిల్లా చిందు యక్షగానానికి పెట్టింది పేరు. మాదిగలకు ఆశ్రిత కులమైన చిందువాళ్ళు ఊరూరా తిరిగి, వాకిట్లో నాలుగు గుంజలు పాతి, రాత్రంతా ఆడేవాళ్ళు. రాజు, రాణి, మాంత్రికుడు, మధ్యలో నవ్వించే బుడ్డర్‌ఖాన్. రాజు కిరీటం పెట్టుకున్నవాడు తెల్లారితే అదే ఊళ్ళో అంటరానివాడు. ఆ కిరీటాన్ని నిజమని నమ్మేంత అమాయకులు ఆ వాకిట్లో కూర్చున్నవాళ్ళలో ఒక్కరూ ఉండరు. వేషానికీ మనిషికీ మధ్య దూరాన్ని చూసి ఆనందించే విద్య పారిస్ విమర్శకుల కంటే ముందే వాళ్ళకు వచ్చు. బోధన్ ప్రాంతపు చిందుల ఎల్లమ్మ బతుకంతా ఆ ఆటే ఆడి 2005లో కన్నుమూసింది.

బాలనాగమ్మ కథ ఒగ్గులో ఉంది, బుర్రకథలో ఉంది, ఆ తర్వాతే సినిమాలోకి వచ్చింది. మాయల ఫకీరు చెరలో పడ్డ ఆడమనిషి నోము అని సాకు చెప్పి ఏళ్ళ తరబడి వాణ్ణి దూరం పెట్టి, కొడుకు ఎదిగి వచ్చేదాకా నెగ్గుకొస్తుంది. అదెలీన్ చెంపదెబ్బకు చప్పట్లు కొట్టేవాళ్ళు ఈ నేర్పుకు ఎన్ని మార్కులు వేస్తారు? శారదకాండ్రు పాడే సర్వాయి పాపన్న కథ సంగతి చెప్పనే అక్కర్లేదు. కల్లుగీత ఇంట పుట్టి 1708లో వరంగల్ మీద పడి దోచి, 1710లో మొగలులకు చిక్కి ప్రాణం విడిచేదాకా లొంగనివాడు. ఫాన్‌ఫాన్ పాటకన్నా నూరేళ్ళ ముందటి మనిషి, అందులోనూ నిజంగా బతికినవాడు.

కాబట్టి నేల టికెట్టువాడు మద్రాసు మాయకు మోసపోయాడని అనడం చరిత్ర తెలియకపోవడమే. వాడికి ఆ కథ తెలుసు, ఆ వేషం తెలుసు, ఆ నవ్వు తెలుసు. తన వాకిట్లో ఆట తెరమీద పెద్దదై కనిపిస్తే చూడడానికి పోయాడు.

5. అట్టకోటలు

దీని మీద ఎక్కువ మాట్లాడాల్సింది లేదు. మార్కస్ బార్ట్లే పాతాళ భైరవిలో, రవికాంత్ నగాయిచ్ గులేబకావళిలో చేసిన కెమెరా మాయలు ఏ దేశపు పనివాళ్ళకూ తీసిపోవు. విఠలాచార్య తక్కువ డబ్బుతో చుట్టేసిన వాటిలో దారాలు కనిపించాయి, కాదనను. ప్రతి దేశంలోనూ చెత్త సినిమాలు వస్తాయి. వాళ్ళ చెత్త మన దాకా రాదు, మన చెత్త మన కళ్ళముందే ఉంటుంది. వాళ్ళ ఏరిన ముత్యాన్ని మన మొత్తం రాశితో తూచడం విమర్శ కాదు.

అభియోగాలు ఒక్కొక్కటే రాలిపోయాక కింద మిగిలేది ఒకటే: ఈ సినిమాలు ఎవరు చూశారన్నది. పారిస్‌లో జనం చూస్తే 'జనరంజకం', ఎల్లారెడ్డిలో జనం చూస్తే 'నాసిరకం'. ఈ తీర్పు సినిమా మీద కాదు, నేల టికెట్టు మీద. చెబుతున్నవాళ్ళలో చాలామంది తాతలు ఆ నేల మీదే కూర్చున్నారు.

ఈ చులకన మాటలకు ఖరీదు ఉంది, దాన్ని వేరేవాళ్ళు కట్టారు. కాంతారావు సొంత నిర్మాణంలో ఆస్తులు పోగొట్టుకుని, చివరి రోజుల్లో ఇబ్బందులు పడి 2009 మార్చిలో పోయాడు. 'ఫాన్‌ఫాన్'ను ఫ్రెంచివాళ్ళు బాగుచేసి, రంగులు వేసి, 2003లో మళ్ళీ కొత్త నటులతో తీసుకున్నారు. మనం మన కత్తివీరుడి పేరును ఎగతాళికి వాడుకున్నాం. మన కామారెడ్డి జిల్లాలోనే దోమకొండ కోటను బాగుచేసినందుకు 2022లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మంచిదే, సంతోషం. కోట రాళ్ళకు దక్కిన శ్రద్ధలో పదో వంతు, కోటల కథలు ఆడిన మనుషులకు దక్కలేదు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి కాలేజీల్లో సినిమా ప్రదర్శనలు పెట్టే మిత్రులకు నా విన్నపం ఇది. ఫాన్‌ఫాన్‌ను తప్పక చూపించండి. అదే రోజు పాతాళ భైరవిని కూడా చూపించండి, ముందు ఏది తీశారో తేదీలతో సహా పిల్లలకు చెప్పండి. సాయంత్రం ఒక చిందు మేళాన్ని పిలవండి. సన్మానం, శాలువా అక్కర్లేదు. ఎంత ఇస్తారో ముందే మాట్లాడుకుని, ఆట ముగిసిన రాత్రే డబ్బు వాళ్ళ చేతిలో పెట్టండి.